పుస్తకం పక్కన వస్తువును పెట్టండి

విజయవాడ పుస్తక మహోత్సవ నిర్వాహకులకు, ఆంధ్రప్రదేశ్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అధ్యాపకులకు, విద్యార్థులకు

నమస్కారం.

మీ ఇద్దరికీ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. మీలో ఒకరు పుస్తకాలను జనం దగ్గరికి తెస్తున్నారు. మరొకరు ఒక వస్తువు ఎలా తయారవుతుందో, అలాగే ఎందుకు తయారవుతుందో పిల్లలకు నేర్పుతున్నారు. మీ మధ్యలో ఉన్నది కృష్ణానది, దాని మీద కనకదుర్గ వారధి, అంతే. మీరిద్దరూ కలిస్తేనే అయ్యే పని ఒకటి ఉంది. వచ్చే జనవరిలో జరిగే పుస్తకాల పండగలో ఒక హాలు ఆ పనికి ఇవ్వమని అడుగుతున్నాను.

మన పద్యాల్లో, పాటల్లో, కథల్లో, నాటకాల్లో వచ్చే రోజువారీ వస్తువులను తెచ్చి అక్కడ పెట్టండి. ఒక్కో వస్తువు పక్కన అది కనిపించే రచనాభాగాన్ని పెద్ద తెలుగు అక్షరాల్లో పెట్టండి. ఆ వస్తువును చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకా ఉంటే పిలిచి గౌరవంగా కూర్చోబెట్టండి. నేను కోరేది ఇదే. ఎందుకు కోరుతున్నానో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

నేను గుంటూరులో పిల్లలకు తెలుగు చెప్తాను. కంచు మోగినట్టు బంగారం మోగదన్న వేమన పద్యం దగ్గర ప్రతిసారీ ఆగాల్సి వస్తుంది. పద్యం పిల్లలకు నోటికి వస్తుంది, తాత్పర్యం కూడా తడుముకోకుండా చెప్తారు. కానీ ఇంట్లో కంచు కంచం ఉన్న పిల్లలు తక్కువ. స్టీలు, ప్లాస్టిక్, పింగాణీ మధ్య పెరిగినవాళ్లు. గుడిగంటను గుర్తు చేసి చెప్తే కొంత దారి దొరుకుతుంది, కానీ వేమన విన్న మోత ఇంట్లోది, చేతిలోది. కంచు పళ్లెం అంచును గోటితో తట్టి, అది మోగుతూ మోగుతూ సన్నగిల్లేదాకా చెవి ఒగ్గి విన్న పిల్లాడికి ఆ పద్యానికి తాత్పర్యం అక్కర్లేదు. అల్పుడి ఆడంబరం ఎలాంటిదో వాడికి వినబడుతుంది. పక్కనే ఒక ఉంగరాన్నో గాజునో బల్ల మీద వదిలితే రెండో సగం కూడా తెలిసిపోతుంది. ఇందుకు కావలసిందల్లా ఒక పళ్లెం, ఒక బల్ల, ముట్టుకోవచ్చు అని రాసిన కాగితం.

ముట్టుకోవచ్చు అన్న మాట నాకు ముఖ్యం. అద్దాల పెట్టెలో పెట్టిన రోలు ఎవరికీ ఏమీ చెప్పదు.

శ్రీనాథుడి సంగతి చూడండి. కొండవీడు మనకు ఎంత దూరం? అక్కడ విద్యాధికారిగా వెలిగిన మనిషి చివరి రోజుల్లో బొడ్డుపల్లె దగ్గర పొలం గుత్తకు పట్టాడని, కృష్ణమ్మ పంటను ఊడ్చుకుపోయిందని, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తిన్నాయని, ఏడునూర్ల టంకాలు కట్టలేక వీధిలో శిక్ష అనుభవించాడని ఆయన పేరు మీద నిలిచిన చాటుపద్యాలు చెప్తాయి. అందులో నాలుగు వస్తువులు వరసగా వస్తాయి. మెడకు పొగడదండ, భుజం మీద నల్లగుండు, కాళ్లకు సంకెళ్లు, ముంజేతికి వెదురుగొడియ. మేం క్లాసులో వీటన్నిటినీ కలిపి 'శిక్షించే సాధనాలు' అని చెప్పి ముందుకు పోతాం. వెదురుగొడియను చేతికి ఎలా బిగించేవాళ్లు? నల్లగుండు ఎంత బరువు ఉండేది? ఎదురెండలో ఎంతసేపు మొయ్యాలి? పన్ను కట్టలేని రైతు ఒంటి మీద ఏం జరిగేదో ఆ వస్తువుల ఆకారంలోనే ఉంది. ఇక్కడే డిజైన్ విద్యార్థులు కావాలి. పద్యం చదివి, పాత శిల్పాలు, నిఘంటువులు చూసి, అవి ఎలా ఉండి ఉంటాయో గీయండి, వెదురుతో, రాతితో నమూనా చేయండి. ఊహించి చేసినదాన్ని ఊహ అనే రాయండి. ఒకే వస్తువుకు రెండు మూడు నమూనాలు వస్తే అన్నీ పెట్టండి, చూసేవాళ్లు వాదించుకుంటారు. అదే శ్రీనాథుడు పల్నాటి పల్లెల గురించి చెప్పినట్టుగా ప్రచారంలో ఉన్న చాటువులో నాపరాళ్లు వస్తాయి కదా, ఆ నాపరాళ్ల మీదే మా గుంటూరు ఇళ్లలో చాలామంది పాకడం నేర్చుకున్నారు. ఒక నాపబండ తెచ్చి హాలు గుమ్మంలో పరిస్తే చాలు, లోపలికి వచ్చే ప్రతివాళ్లూ దాన్ని తొక్కే వస్తారు.

అన్నిటికన్నా మనసులో ఎక్కువగా ఉన్న వస్తువు చెప్పుల జత. వినుకొండలో పుట్టి, గుంటూరులో కన్నుమూసిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం కావ్యం రాశారు. అందులో ఒక మనిషిని మన ముందు నిలబెడతారు. సమాజం ఆయన కులాన్నీ కలిమినీ మింగేసి, ఒంటిని పిప్పి చేసింది. అయినా తనను అలా చేసిన ఈ భరతవీరుడి పాదం కందకుండా చెప్పులు కుట్టే పనిని ఆయన ఏనాడూ కాదనలేదు. ఆయన సేవకు ఈ దేశమే అప్పుపడిందని జాషువా తేల్చి చెప్పారు. ఈ పద్యాన్ని సభల్లో రాగయుక్తంగా పాడతారు, చప్పట్లు కొడతారు. ఆ చెప్పులు ఏవి? కుట్టే ఆరె ఏది, తోలు కోసే రంపె ఏది? తోలును నానబెట్టి, ఆరబెట్టి, పాదం కొలతకు కోసి, అట్టను అట్ట మీద పేర్చి కుట్టడంలో ఎంత తెలివి ఉందో పద్యం పాడేవాళ్లకు తెలుసా? పాదానికి ఎక్కడ బరువు పడుతుందో, వేలు ఎక్కడ ఒరుసుకుంటుందో, తడిస్తే తోలు ఎటు సాగుతుందో తెలిసిన మనిషిని ఏ కాలేజీలోనైనా డిజైనర్ అనే అంటారు. మన ఊళ్లలో ఆయన్ను అలా పిలవలేదు, అసలు గుమ్మంలోకే పిలవలేదు.

కాబట్టి ఒక విన్నపం. చెప్పులు కదా అని ఆ జతను గుమ్మం పక్కనో, మూలనో, నేల మీదో పెట్టకండి. హాలు నడిమధ్యలో, మనిషి కళ్ల ఎత్తున పెట్టండి. మంచి వెలుగు పడేట్టు పెట్టండి. పక్కనే ఆరె, రంపె, దారం, తోలు ముక్క ఉంచండి. కుట్టిన మనిషి పేరు, ఆయన ఒప్పుకుంటే, జాషువా పేరు ఉన్న అక్షరాల్లోనే, అదే సైజులో రాయండి. ప్రదర్శన మొత్తంలో ఇదొక్కటే సరిగ్గా చేసినా నేను మీకు రుణపడి ఉంటాను.

రోకలి, తిరగలి గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు, ఎలాగూ పెడతారు. కానీ వాటిని పాతకాలపు సామాన్ల కింద కాకుండా పాట పుట్టిన చోటుగా చూపించండి. సువ్వి పాటలకు తాళం వేసింది రోకలి పోటే. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో దంచుతుంటే ఒకరి రోకలి లేచేటప్పుడు రెండోవాళ్లది దిగాలి. ఆ వరస తప్పితే చెయ్యి నలుగుతుంది, అందుకే పాటకు అంత కచ్చితమైన నడక. అన్నమయ్యా సువ్వి పాటలు రాశాడంటే ఆ చప్పుడు తిరుమల దాకా వినబడిందన్నమాట. రోకలి పొడవు, బరువు, చివరన ఉన్న ఇనుప పొన్ను, చెయ్యి పట్టే చోట నునుపు తేలిన కర్ర, ఇవన్నీ కలిస్తేనే ఆ నడక వస్తుంది. తిరగలి పాట వేరు. అది పైరాయి తిరిగినట్టు గుండ్రంగా, ఆగకుండా సాగుతుంది. ఛందస్సు చెప్పేటప్పుడు మేం గురువు, లఘువు అని బోర్డు మీద గీతలు గీస్తాం. రోకలి చేతికిచ్చి దంచమంటే పిల్లలకు లయ చేతుల్లోంచి ఎక్కుతుంది. జానపద గేయాలు పాడగలిగిన పెద్దావిడలు మంగళగిరి చుట్టుపక్కల, తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఒకళ్లిద్దరిని పిలవండి, రోజుకూలి కాకుండా, వేదిక మీద ఉపన్యాసకులకు ఇచ్చే మర్యాదతో, పారితోషికంతో.

సూది గురించి ఒక మాట. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పాఠాలు చెప్పిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం ఘంటసాల గొంతులో వినని తెలుగువాళ్లు ఉండరేమో. అందులో పూలు తమ గుండెలో సూదులు గుచ్చారని, దారాలతో గొంతు బిగించారని మొరపెట్టుకుంటాయి. ఇంద్రకీలాద్రి కింద పూలకొట్లలో తెల్లారకముందే ఆ సూదీ దారంతోనే ఎన్నో ఇళ్లు గడుస్తాయి. పద్యాన్ని, సూదిని, దండ గుచ్చే మనిషిని ఒకే బల్ల దగ్గర చేర్చండి. పూల బాధ ఒకవైపు, ఆ దండ గుచ్చే ఆవిడ వేళ్ల మీది గాట్లు ఒకవైపు. ఎవరి పక్షం తీసుకోవాలో చూసేవాళ్లకు వదిలేయండి.

కన్యాశుల్కం నుంచి గిరీశం చుట్ట ఎవరైనా పెడతారు. నేను కంటెను కూడా అడుగుతాను. మధురవాణి కంటె చుట్టూ ఎంత రగడ జరుగుతుందో నాటకం చదివినవాళ్లకు తెలుసు, కానీ కంటె మెడలో ఎలా కూర్చుంటుందో, హారానికీ దానికీ తేడా ఏమిటో చూసిన విద్యార్థులు ఎంతమంది? చూస్తే ఆ గొడవ అంతటి బరువు ఎందుకుందో అర్థమవుతుంది.

ఇప్పుడు గిన్నెల దగ్గరికి వస్తాను, ఇక్కడ కాసేపు నిలబడాలి.

మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం. పెళ్లికి పెట్టిన బిందె మీద, సారె గిన్నెల మీద, గృహప్రవేశానికి ఇచ్చిన పళ్లేల మీద పేరు, ఒక్కోసారి తేదీ, ఇచ్చినవాళ్ల ఊరు. స్టీలు కొట్లో కుర్రాడు చిన్న మిషన్‌తో చుక్కలు చుక్కలుగా రాసిచ్చే ఆ అక్షరాలు మన ఇళ్లలో ఎక్కువగా చదవబడే తెలుగు రాతలేమో అనిపిస్తుంది. కవయిత్రి విమల 'వంటిల్లు' అనే కవితలో సరిగ్గా ఈ చోట వేలు పెట్టారు. అమ్మ వంటింటికి మహారాణే, కానీ చివరికి గిన్నెల మీద ఉన్న పేరు నాన్నది. ఈ కవితను నేను ఆడపిల్లలకు చదివి వినిపిస్తే ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి గిన్నెలు తిప్పి చూసుకున్నామని మర్నాడు చెప్పారు. కొందరి ఇళ్లలో అమ్మమ్మ పేరు దొరికింది, చాలామంది ఇళ్లలో దొరకలేదు.

అందుకని, పండగకు నెల ముందు రెండు ఊళ్లలోనూ ఒక పిలుపు ఇవ్వండి. పేరు కొట్టించిన గిన్నె ఏదైనా ఇంట్లో ఉంటే పదిరోజుల కోసం అప్పు ఇవ్వమని అడగండి. రసీదు ఇవ్వండి, జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి. ఇత్తడి, కంచు, సత్తు, స్టీలు, ఏదైనా సరే. వాటన్నిటినీ ఒక గోడ పొడవునా పేర్చి, మధ్యలో విమల కవితను, ఆవిడ అనుమతితో పెట్టండి. ఆ పక్కనే పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ ఉండాలి. కొలకలూరులో పుట్టి, విజయవాడలో ఉండి రాసిన మన రచయిత్రి. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరే మర్చిపోయి, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరే కథ. అలుకుగుడ్డ ఒకటి, ముగ్గు చిప్ప ఒకటి, అంతే. వంటిల్లు, అలుకుగుడ్డ, గిన్నె మీద పేరు ఇలా పక్కపక్కన చేరితే స్త్రీవాద సాహిత్యం మీద నేను గంటసేపు చెప్పే పాఠం కన్నా బలంగా ఉంటుంది. వచ్చే ఆడవాళ్ల కోసం గోడ చివర పేరు కొట్టే మిషన్‌తో ఒక మనిషిని కూర్చోబెట్టండి. చిన్న స్టీలు గిన్నె మీద ఎవరి పేరు వాళ్లు కొట్టించుకుని పోతారు.

డిజైన్ సంస్థ వారికి ఒక గుర్తు చేయాలి, మీకు తెలిసిందే అయినా. చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశం తిరిగి, 1958లో నివేదిక ఇచ్చారు. తాము చూసిన వస్తువులన్నిటిలో చెంబుకు పెద్దపీట వేశారు. ఎన్ని నీళ్లు పడతాయి, చంకన పెట్టుకుంటే ఎలా కుదురుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, తోమడానికి చెయ్యి లోపలికి పోతుందా అని వరసగా ప్రశ్నలు వేసుకుని, దీన్ని ఏ ఒక్కరో కాక తరాల మనుషులు కలిసి తీర్చిదిద్దారని రాశారు. ఆ నివేదిక వల్లే 1961లో అహ్మదాబాద్‌లో మీ మాతృసంస్థ మొదలైంది. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో మీరు మొదలయ్యారు. చెంబును అడిగిన ఆ ప్రశ్నలే మా పాఠ్యపుస్తకాల్లోని వస్తువులను అడగమని కోరుతున్నాను. దేశం నలుమూలల నుంచి వచ్చిన మీ విద్యార్థులకు తెలుగు రాకపోవచ్చు. మా పిల్లలను జతగా ఇస్తాం. వాళ్లు పద్యం చెప్తారు, మీవాళ్లు వస్తువును చదవడం నేర్పుతారు.

బయట ఇలాంటిది జరగకపోలేదు. నోబెల్ రచయిత ఒర్హాన్ పాముక్ 2008లో నవల రాసి, 2012లో ఇస్తాంబుల్‌లో అదే పేరుతో 'మ్యూజియం ఆఫ్ ఇన్నోసెన్స్' తెరిచారు. నవలలో 83 అధ్యాయాలు, మ్యూజియంలో అధ్యాయానికొక పెట్టె. కథానాయిక తాగి పడేసినవిగా 4,213 సిగరెట్ పీకలను గోడకు గుచ్చి పెట్టారు. 2014లో దానికి ఐరోపాలో ఆ ఏటి ఉత్తమ మ్యూజియం పురస్కారం వచ్చింది. అది ఒక రచయిత, ఒక నవల, ఒక ఇల్లు. మనకు కావలసింది ఒక భాష మొత్తానిది. అంత డబ్బూ అక్కర్లేదు, వస్తువులు మన అటకల మీదే ఉన్నాయి.

పైగా ఇలా పేర్చి కథ చెప్పడం మనకు కొత్త కూడా కాదు. మీ పండగ ముగిసే రోజుల్లోనే సంక్రాంతి వస్తుంది, ఇళ్లలో బొమ్మల కొలువు తీరుస్తారు. మెట్లు కట్టి, తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలను, ఇంట్లోని చిన్నాపెద్దా వస్తువులను ఒక క్రమంలో పెట్టి, వచ్చిన పిల్లలకు ఒక్కోదాని కథ చెప్పే అమ్మలు ప్రతి వీధిలో ఉన్నారు. ప్రదర్శనను తీర్చే బాధ్యతలో అలాంటి ఒకరిద్దరికి చోటివ్వండి. ఏ వస్తువు పక్కన ఏది నప్పుతుందో వాళ్లకు బాగా తెలుసు.

నా భయాలు కూడా చెప్తాను. థర్మాకోల్ తిరగలి, ఫ్లెక్సీ మీద గంటం, ముందు నిలబడి ఫొటో దిగే ఎడ్లబండి, ఇలాంటివి వద్దు. ఇవి పెడితే జనం బాగానే వస్తారు, కానీ ఒక్క వాక్యం కూడా చదవకుండా వెళ్తారు. 'ఆ రోజులే వేరు' అనిపించి పంపే ప్రదర్శనా వద్దు. అగ్గిపుల్లనూ సబ్బుబిళ్లనూ కవిత్వంలోకి పిలిచినప్పుడు శ్రీశ్రీ పిలిచింది ఆనాటి కొత్త సరుకునే, కిరాణా కొట్లో దొరికేదాన్నే. కాబట్టి ప్లాస్టిక్ బిందె తప్పకుండా ఉండాలి. ఇత్తడి బిందె మెడ సన్నదనాన్ని, వేళ్లు పట్టే అంచును, చంకకు ఆనే పొట్టను అది అలాగే ఉంచుకుని, బరువును మాత్రం వదిలేసింది. కొండ మీది ఇళ్లకు నీళ్లు మోసిన విజయవాడ ఆడవాళ్లకు అది ఎంత సుఖమో వాళ్లనే అడగండి. కుక్కర్, మిక్సీ, సెల్‌ఫోన్, ఇవన్నీ ఈనాటి కథల్లో ఉన్నాయి, హాల్లోనూ ఉండాలి.

అచ్చు కోసం కూడా ఒక మూల ఉంచండి. తెలుగు ప్రచురణకు ఏలూరు రోడ్డు ఎంత చేసిందో మీకు నేను చెప్పేదేముంది. సీసపు అక్షరాలు, అవి ఉంచే కేసులు, వాటిని పేర్చే కంపోజింగ్ స్టిక్కు ఏ పాత ప్రెస్సులోనైనా మిగిలి ఉంటే అడిగి తీసుకురండి. పిల్లలు తమ పేరును అక్షరం అక్షరం ఏరి, తలకిందులుగా పేర్చి, సిరా పూసి అచ్చు తీసుకోవాలి. బాపు గారు పుస్తకాల అట్టల మీద, వారపత్రికల బొమ్మల కింద రాసిన చేతిరాత ఆ తర్వాత కంప్యూటర్ ఫాంట్ అయింది, మన పెళ్లి శుభలేఖల మీదికీ కొట్ల బోర్డుల మీదికీ వచ్చింది. ఒక పాత అట్టను, ఈ మధ్య వచ్చిన ఒక శుభలేఖను పక్కపక్కన పెడితే ఆ ప్రయాణం దానంతటదే కనిపిస్తుంది.

చివరగా పద్ధతి గురించి కొన్ని మాటలు. పాఠ్యభాగాలను దూరం నుంచి, కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు కూడా చదవగలిగేట్టు అచ్చు వేయండి. కూర్చుని చదువుకోవడానికి బల్లలు వేయండి, ప్రదర్శనలో వచ్చే ప్రతి పుస్తకం ఏ స్టాల్‌లో దొరుకుతుందో పక్కనే రాయండి. బతికి ఉన్న రచయితల దగ్గర అనుమతి తీసుకోండి. చూపు లేనివాళ్ల కోసం ప్రతి భాగాన్నీ ఎవరైనా చదివి వినిపించే ఏర్పాటు ఉండాలి, వస్తువులు ముట్టుకునేవే కాబట్టి మిగతాది వాళ్ల చేతులు చూసుకుంటాయి. పండగ అయ్యాక వస్తువులను విడగొట్టకుండా బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో కొన్ని నెలలు ఉంచగలరేమో పురావస్తు శాఖ వారిని అడగండి. మా గుంటూరుకు కూడా ఒకసారి పంపండి.

రచనాభాగాలు ఏరడం, తప్పుల్లేకుండా రాసి దిద్దడం, గిన్నెలు సేకరించడం, పిల్లలను వెంటబెట్టుకుని రావడం మా తెలుగు ఉపాధ్యాయులకు వదిలేయండి. తోటివాళ్లతో మాట్లాడాను, దసరా సెలవుల్లో కూర్చుని మొదటి జాబితా తయారుచేసి మీకు అందజేస్తాం. మీరు ఇద్దరూ కలిసి ఒక తేదీ చెప్పండి, వారధికి ఏ వైపు పిలిచినా వస్తాం.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
గుంటూరు